అన్నయ్య బతికించిన పనిమనిషి

మండపేట హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన బాలాత్రిపురసుందరమ్మకి డిటెక్టివ్ నవల కూడా ఒక లెక్కే. చివరి అధ్యాయం రాకముందే హంతకుడి పేరు చెప్పేయాలి. ఇంతవరకూ తప్పింది లేదు. కంటి ఆపరేషన్ అయ్యాక పుస్తకం ముట్టొద్దన్నారు. రైసు మిల్లుల ఊకనుసి కంట్లో పడుతుందని వీధి అరుగు మీదికీ రావద్దన్నారు. మేనకోడలు మధులత ఫోన్లో నవల వినిపించబోతే ఆ యంత్రం గొంతు ఆవిడకి పడలేదు. చివరికి మధులత తండ్రి, ఆవిడ అన్నగారు లక్ష్మీనరసింహం రోజూ సాయంత్రం వచ్చి చదువుతానన్నాడు. గుళ్లో పురాణం చెప్పే గొంతు ఆయనది.

కథ ఒక ఇంగ్లండు పల్లెటూరిది. ధనవంతురాలికి ఎవరో విషం పెడతారు. అందరూ మతిమరుపు మనిషనుకునే ఒక ముసలావిడ, ఇంటింటా టీ తాగుతూ కూపీ లాగుతుంది. సుందరమ్మకి ఆవిడ తెగ నచ్చింది.

ఒకరోజు మధులతతో తేల్చి చెప్పేసింది, ఆ ధనవంతురాలి ఇంటి పనిమనిషే చంపిందని. నూతిలో పడి కొన ఊపిరితో బతికి బయటపడ్డ పిల్ల, తనని తోసిందెవరో చెప్పకుండా నోరు మూసుకుందంటే ఇంకేంటి?

"కంటితోపాటు బుర్ర కూడా డాక్టరుకి ఇచ్చొచ్చావా అత్తయ్యా?" అంది మధులత. ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. ఈసారి తప్పితే తన పని అయిపోయిందనే అనుకుంటారు.

చివరి అధ్యాయం రోజు అన్నగారు గొంతు సవరించుకున్నాడు. "పనిమనిషి శవాన్ని నూతిలోంచి తీసిన సాయంత్రం..."

"ఆగు. శవమేంటి? బతికిందన్నావు కదా?"

ఆయన పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాడు. పురాణాన్ని మరణం దగ్గర ఆపరు, శుభం దాకా చదివి ఆపుతారు. ఆ నూతి అధ్యాయం చదివిన రోజు సరిగ్గా దీపాలు పెట్టేసరికి, పుస్తకం మూయాల్సిన చోట శవం వచ్చింది. పేజీలు తిప్పినా శుభమన్నది కనపడలేదు.

"కంటికి కట్టుతో ఉన్నావు. చావు మాటతో ఎలా లేచి వెళ్లను అమ్మడూ? డాక్టరొచ్చి బతికించాడని ఒక్క వాక్యం కలిపాను. తర్వాత ఆ పిల్ల మాటొచ్చిన చోటల్లా దాటేస్తూ వచ్చాను."

సుందరమ్మకి ఒళ్లు మండిపోయింది. అమ్మ పోయిన రోజూ ఇంతే. అమ్మకి ఒంట్లో నలతగా ఉందని మాత్రమే చెప్పి బస్సెక్కించాడు. తను బత్తాయిలు కొనుక్కుని మరీ వెళ్లింది.

"లెక్క ఇచ్చి అందులో అంకె మార్చేస్తావా? ఇంకో ముక్క చదవకు."

కళ్లు మూసుకుంది. పిల్ల చచ్చిపోయిందంటే ఏదో చూసింది. రాత్రిపూట యజమానురాలికి మందు కలిపిన చేతిని చూసింది. ఆ మందు కలిపేది ఒక్కరే.

"డాక్టరు. ఇప్పుడు చదువు."

చదివాడు. డాక్టరే. అన్నగారి మొహం విప్పారింది. ఆవిడ మొహం మాత్రం విప్పారలేదు.

"చచ్చిపోయిన పిల్లని పట్టుకుని హంతకురాలన్నాను, నీ మూలాన. రేపు మళ్లీ మొదట్నుంచి చదువు అన్నయ్యా. ఆ పిల్ల చచ్చిన చోట చచ్చిందనే చదివి, అక్కడే పుస్తకం మూసి వెళ్లు."

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. ఆవిడా తాగమనలేదు.