నకలు కత్తికి లేని గంటు

మా ఇంటి కత్తిని చూడాలనుకునేవారు ముందుగా కబురు పెట్టి రావాలి. ఇది మా తాతగారి నాటి పద్ధతి. అప్పట్లో ఆ కబురు అందుకోవడానికి గుమ్మం దగ్గర ఇద్దరు మనుషులుండేవారు. ఇప్పుడది ఫోనులో మెసేజిగా వస్తుంది, అందుకోవడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. పద్ధతి మాత్రం మారలేదు.

మొన్న వేసవి మొదట్లో అలాంటి మెసేజి ఒకటి వచ్చింది. పంపినాయన శ్రీకాకుళంలో కాలేజీ లెక్చరరు. ఆయనా, ఇంకో ఇద్దరు మిత్రులూ సినిమాల్లో వాడిన వస్తువులు, అవి దొరక్కపోతే వాటి నకళ్ళు సేకరిస్తారట. మా కత్తి విషయంలో తమకు అన్యాయం జరిగిందనీ, నా సాక్ష్యం కావాలనీ రాశాడు. అన్యాయం, సాక్ష్యం లాంటి మాటలతో మా గుమ్మం తొక్కినవారు ఈ మధ్యకాలంలో లేరు. ఆదివారం ఉదయం పది గంటలకు రమ్మన్నాను.

వాళ్ళు వచ్చేలోగా కత్తి సంగతి చెప్పాలి. విజయనగరంలో మా దివాణం ఒకటుండేది. ఇప్పుడూ ఉంది. పెళ్ళిళ్ళకు అద్దెకిస్తుంటారు, ఇచ్చేది మేము కాదు. మాకు మిగిలినవి వెనకవైపు ఒకప్పుడు గుమాస్తాలు కూర్చున్న మూడు గదులు, కాస్త పెరడు, ఈ కత్తి. దాని పిడి ఇత్తడిది. పిడి చివర సింహం తల ఉంటుంది. ఏటా దసరాకి పూజలో పెట్టేముందు పిడిని ఆడవాళ్ళు చింతపండుతో తోముతారు, ఉక్కు భాగాన్ని మగవాళ్ళు నూనెగుడ్డతో తుడుస్తారు. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టరు. మా ఇంటికి వచ్చిన కోడళ్ళు ఎవరికి వారు ముందటి కోడలికన్నా బాగా తోమాలన్న పట్టుదల కలవారు. అలా ఐదారు తరాలు తోమేసరికి సింహానికి ముందు మీసాలు పోయాయి, తర్వాత చెవులు, మా నాయనమ్మ హయాంలో ముక్కు. ఇప్పుడు ఆ ముఖం చూసి సింహమని పోల్చుకోవాలంటే మా ఇంట్లో పుట్టి ఉండాలి.

ఇక ఉక్కు భాగం మీద, చివరి నుంచి జానెడు ఇవతల, చిటికెనవేలి గోరు పట్టేంత గంటు ఒకటుంది. ముప్పై ఏళ్ళ కిందట సినిమావాళ్ళు రాజుల కాలం నాటి కథ తీస్తూ, నిజమైన పాత కత్తి కోసం వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. దర్శకుడు ఆ గంటు మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు.

"యుద్ధంలో పడింది," అన్నాను.

ఏ యుద్ధమని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన సినిమాలో ఒక సన్నివేశం కొత్తగా కలిపాడు. ఆఖరి పోరుకు ముందు కథానాయకుడు కత్తిని ముఖానికెదురుగా ఎత్తి, ఆ గంటును బొటనవేలితో నిమిరి, అది తన తండ్రి కొట్టిన చివరి దెబ్బ గుర్తని చెబుతాడు. తెర నిండా మా గంటే కనిపిస్తుంది. ఆ చోట హాల్లో ఈలలు మోగేవి. నేను బాల్కనీలో నిటారుగా కూర్చుని మూడుసార్లు చూశాను.

నిజానికి ఆ గంటు దర్శకుడు రావడానికి నాలుగు నెలల ముందు పడింది. నాకు పెళ్ళయిన మొదటి వేసవి అది. శ్రీకాకుళం వైపు మా మామగారిది వ్యవసాయం. ఆయన తమ తోటలోంచి లేత పనసకాయ పంపారు. మా ఇంట్లో పొట్టు కొట్టే పెద్దకత్తిని ఎవరో ఎరువు తీసుకువెళ్ళి తిరిగివ్వలేదు. కొత్తకోడలు వంటింట్లో చూసింది, పెరట్లో చూసింది, చివరికి ముందుగదిలో గోడకి వేలాడుతున్న దాన్ని చూసింది. పనసకాయను వెనక రాతిమెట్టు మీద పెట్టి కొట్టింది. నేను బయటినుంచి వచ్చేసరికి కాయ రెండుగా ఉంది, కత్తికి గంటు ఉంది, ఆమె చెంగు దోపుకుని పొట్టు కొడుతోంది.

"కత్తి మంచిదేనండి," అంది. "పదును పెట్టించుకోవాల."

ఆ సాయంత్రమే కత్తి గోడ దిగి బీరువాలోకి వెళ్ళింది. రెండు రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. కూర మాత్రం తిన్నాను. బాగుంది కూడా. అది వేరే విషయం.

అప్పటినుంచి ముప్పై ఏళ్ళుగా ఎవరు గంటు గురించి అడిగినా యుద్ధమనే చెప్పాను. నా భార్య ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ ప్రసక్తి రాగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, అంతే.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. లెక్చరరు సన్నగా, కళ్ళజోడుతో, చేతిలో ఫైలుతో ఉన్నాడు. రెండో ఆయన కొత్తవలసలో రైల్వే ఉద్యోగి. మూడో ఆయనకు గజపతినగరంలో మందుల షాపు. ఈ ఇద్దరూ బావాబావమరుదులు. రైల్వే ఆయన చంకలో ముఖమల్ గుడ్డ అతికించిన పొడవాటి పెట్టె ఉంది. మందుల షాపాయన భుజాన పనసకాయ ఉంది.

"పెద్దోరింటికి ఉత్తి సేతుల్తో ఎల్లకూడదని మాయమ్మ సెప్పినాది బాబుగారూ," అన్నాడు షాపాయన. "మా దొడ్లో కాయే. లేతది, పొట్టుకి బాగుంతాది. ఎక్కడెట్టమంటారు?"

నేను నా భార్య వైపు చూశాను. ఆమె పనసకాయ వైపు చూసింది.

"వంటింట్లో ఎట్టండి బాబూ," అంది. "రాతిమెట్టు మీదొద్దు."

కాఫీలయ్యాక పెట్టె తెరిచారు. ఉత్తరాదిలో ఎక్కడో ఒక కంపెనీ సినిమా కత్తుల నకళ్ళు తయారు చేస్తుందట. మా కత్తి నకలు చేయమని ఈ ముగ్గురూ కలిసి చెప్పి, ఎనిమిది నెలలు ఎదురుచూశారు. పిడి బంగారు రంగులో మెరిసిపోతోంది. పిడి చివర సింహం నోరు తెరుచుకుని ఉంది.

"ఏటి సేసినారో సూడండి," అన్నాడు రైల్వే ఆయన. దగ్గరి చుట్టాన్ని ఆసుపత్రిలో చూపిస్తున్నవాడి గొంతు అది. "ముక్కెట్టీసినారు. మీసాలెట్టీసినారు. కోరలు కూడాను. సినిమాల ఎక్కడున్నాదండి ముక్కు?"

"సినిమాల ఉన్నది అసలు సింవ్వమే కాదు కదా," అన్నాడు షాపాయన. "అది గుర్రం."

"ఒరే బావా, మళ్ళీ మొదలెట్టకు. పొట్టేలని తేల్చీసినాం కాదేటి?"

"పొట్టేలయితే కొమ్ములేవిరా?"

"అరిగిపోనాయి."

"నీ పొట్టేలికి కొమ్ములరిగిపోతాయి గానీ నా గుర్రానికి జూలు అరగదేటి?"

"అది సింహం," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. లెక్చరరు కళ్ళజోడు సర్దుకుని, "ఆధారం ఏమైనా ఉందాండీ?" అని మర్యాదగానే అడిగాడు.

"మా తాతగారు చెప్పారు."

"ఆయనకెవరు సెప్పినారు బాబుగారూ?" అన్నాడు రైల్వే ఆయన.

నకలును చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది, నిజమే. రంగు నాసిరకం. కానీ ఆ సింహానికి ముక్కుంది. మా కత్తికి ముక్కు ఉన్న రోజులు నేను చూడలేదు, మా నాన్నగారూ సరిగ్గా చూడలేదు. ఎక్కడో ఉత్తరాదిలో, సినిమాను శ్రద్ధగా చూడని పనివాడెవరో ఏదో ఒక సింహం పెట్టేద్దామని పెట్టిన ముఖంలో మా పూర్వులు చూసిన ముఖం నాకు మొదటిసారి కనిపించింది. ఆ మాట వాళ్ళకి చెప్పలేదు. మోసపోయామని అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఆ పాటి తృప్తి లేకుండా చేయడం సభ్యత కాదు.

"ముక్కు పోతే పోనీండి," అన్నాడు రైల్వే ఆయన. "మరి గంటేదండి?"

నకలు మీద గంటు లేదు. అసలు బాధ అక్కడుందని ముగ్గురి ముఖాలూ చెప్పాయి. కంపెనీకి ఉత్తరం రాస్తే, గంటు లోపమనీ, లోపమున్న సరుకు తాము పంపమనీ జవాబిచ్చారట. కత్తి ఉన్న ఇంటివారు గంటు ఎలా పడిందో రాసి సంతకం చేసి, దాని కొలత కూడా పంపితే, ఇంకో కత్తి చేసిస్తామన్నారట.

దసరా కాకపోయినా బీరువా తెరిచి కత్తి తీశాను. గుడ్డ విప్పగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. నేను లేవమని చెప్పలేదు. లెక్చరరు గంటు కింద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీశాడు. షాపాయన ఫోను లైటు వేసి వంగి చూశాడు.

"బావా, గంటు లోపల నల్లగా ఏదో పట్టీసున్నాది, సూడు."

"నెత్తురు," అన్నాడు రైల్వే ఆయన మెల్లగా. అని, రెండడుగులు వెనక్కి వేసి చెప్పులు విప్పేశాడు.

వంటింటి గుమ్మంలో నిలబడిన నా భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పనసజిగురు ఇనుముకి పడితే నూనె పెట్టి రుద్దాలి. ఇన్నేళ్ళూ నూనెగుడ్డ నా చేతిలోనే ఉన్నా, ఆ గంటులోకి వేలు పోనిచ్చి రుద్దడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడు లెక్చరరు ఫైలులోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఉత్తరం టైపు చేసే తెచ్చారు. మా పూర్వీకులు యుద్ధరంగంలో శత్రువు కత్తిని అడ్డుకున్నప్పుడు ఈ గంటు పడిందని రాసి ఉంది. కింద నా సంతకానికి గీత.

మా ఇంట్లో చదవకుండా సంతకం చేయరు. మా తాతగారు చదవకుండా చేశారు కాబట్టే మేము గుమాస్తాల గదుల్లో ఉన్నాం. మా నాన్నగారు నాకు ఆస్తి ఇవ్వలేదు గానీ ఒక మాట ఇచ్చారు: నీ సంతకం కింద అబద్ధం ఉండకూడదు అని. నేను రెండుసార్లు చదివాను. నోటితో చెప్పిన యుద్ధం వేరు. అది గాలిలో పోతుంది, వినేవాడు కూడా సగమే నమ్ముతాడు. కాగితం మీద యుద్ధానికి నా పేరు కాపలా కాయాలి. అది రాయకపోతే మా కత్తికి ఊళ్ళో ఉన్న గౌరవం, దానితోపాటు నాకున్న కాస్తా, ఈ ముగ్గురి వెంట బస్సెక్కి పోతుంది. కలం మూత తీసి, మళ్ళీ పెట్టాను.

"ఏటండీ, కలం రాయట్లేదా?" అని నా భార్య అడిగింది. మామూలుగానే అడిగింది. ఈసారి మాత్రం వంటింట్లోకి వెళ్ళలేదు.

"ఈ ఉత్తరంలో తప్పుంది," అన్నాను వాళ్ళతో. "ఈ గంటు యుద్ధంలో పడలేదు. మా ఆవిడ పనసకాయ కొడితే పడింది. ఆ నలుపు జిగురు."

బయట పెళ్ళివారి మైకులో ఎవరో హలో హలో అని పరీక్షిస్తున్నారు. రైల్వే ఆయన తను విప్పిన చెప్పుల వైపు చూసుకున్నాడు. షాపాయన మళ్ళీ వంగి, గంటును వేలితో తాకి, వేలు వాసన చూసుకున్నాడు.

"జిగురేరా బావా," అన్నాడు. "మన సేతులకంటుకోలేదేటి ఎన్నిసార్లో. నెత్తురన్నావు నువ్వు."

"నువ్వు గుర్రమన్లేదేటి?" అన్నాడు రైల్వే ఆయన నీరసంగా. తర్వాత నా వైపు తిరిగాడు. "బాబుగారూ, ఆ సీను వచ్చినప్పుడల్లా నేను లేసి నిలబడతాను. మా పిల్లల్ని కూడా నిలబెడతాను. ఇప్పుడేటి సెయ్యాల?"

"నిలబడు నాయినా," అంది నా భార్య. "ఊరికే పడిందేటి ఆ గంటు?"

మొదట నవ్వింది లెక్చరరు. ఆయన నవ్వగలడని నేననుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తమకు కావలసింది కచ్చితత్వమనీ, కారణం ఏదైనా గంటు గంటేననీ, నిజానికి ఈ వివరం ఇంకే సేకర్తకూ తెలియదనీ అన్నాడు. ఆ చివరి మాటతో మిగతా ఇద్దరి ముఖాల్లోకి కాస్త వెలుగు వచ్చింది.

"అయితే కంపెనీవోడితో పనేటి?" అన్నాడు షాపాయన. "గంటెట్టినమ్మ ఇక్కడే ఉన్నాది. కాయ ఉన్నాది. మెట్టున్నాది."

నేను వద్దన్నాను. నా మాట ఎవరూ వినలేదు. నా భార్య చెంగు దోపుకుని నకలు కత్తి అందుకుంది, దాన్ని చేతిలో ఒకసారి ఊపి చూసి పెదవి విరిచింది. పనసకాయ రాతిమెట్టు మీదికి వచ్చింది. ఆమె కొట్టింది. కాయ మీద గీత పడింది. కత్తి అరటాకు ఈనెలా పక్కకి వంగింది, గంటు మాత్రం పడలేదు. పిడి మెట్టుకు తగిలి సింహం ముక్కు ఎగిరి తులసికోట దగ్గర పడింది.

"ముక్కు పోనాది," అన్నాడు రైల్వే ఆయన. ఆ మాటలో ఉన్నది ఆనందమే. "సూడు బావా, ఇప్పుడు సరిపోనాది. అచ్చం సినిమాల లాగే."

"గుర్రం లాగుంది," అన్నాడు షాపాయన.

వంగిన కత్తిని ముగ్గురూ కలిసి మోకాళ్ళ మీద పెట్టి తిన్నగా చేస్తుండగా నేను లోపలికి వెళ్ళి కంపెనీకి పంపాల్సిన ఉత్తరం నా చేత్తో రాశాను. మా తాతగారి నాటి వాడుక ప్రకారం మొదట మా ఇంటిపేరు, దివాణం పేరు రాసి, ఈ కత్తి మా ఇంటిదనీ, పిడి మీది ముఖం సింహమనీ, ఫలానా చోట ఉన్న గంటు మా ఇంటి కోడలు పనసకాయను రెండు మూడు దెబ్బలు కొట్టగా పడిందనీ రాశాను. బయటికి వచ్చి పైకి చదివాను. లెక్చరరు తల ఊపాడు.

"రెండు మూడు దెబ్బలేటి?" అంది నా భార్య.

ఏదో సుమారుగా రాశానన్నాను.

"సుమారేటి? ఒక్క దెబ్బ. ఒక్క దెబ్బకి కాయ తెగి కత్తి రాయిని కొట్టబట్టే గంటు పడినాది. రెండు మూడు కొట్టుంటే గంటెందుకు పడతాది? మా నాన్న తోటలో కాయ నేను మూడు దెబ్బలు కొట్టేనని రాసీసి సంతకం పెట్టీస్తారేటి? మా పుట్టింటోళ్ళు సదివితే ఏటనుకుంటారు?"

మిగతా ముగ్గురూ నా వైపు చూస్తున్నారు. నేను కలం తీసి 'రెండు మూడు దెబ్బలు' అన్నది కొట్టేసి, పైన 'ఒక్క దెబ్బ' అని రాసి, కొట్టివేత పక్కన చిన్న సంతకం చేసి, కింద పూర్తి సంతకం చేశాను.