రొయ్యల గుంట కాడ నా ఫ్లెక్సీ

మా కాలంలో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు గానీ, నేను పదో తరగతి చదివేటప్పుడు మా ఇందుకూరుపేట వైపు పదో తరగతి అంటే చదువు కాదు, ఆ తర్వాత బిడ్డను నెల్లూరులో ఏ హాస్టల్లో పడెయ్యాలా అని ఇంటిల్లిపాదీ చేసే ఆలోచన. నాకేమో హాస్టలంటే చచ్చేంత భయం. (తెల్లారకముందే గంట కొట్టి లేపుతారనీ, చారులో నీళ్ళు తప్ప ఏమీ ఉండవనీ మా అక్క చెప్పింది.) అట్టాంటప్పుడు మా బడికి భాషల పజిల్ పోటీ వచ్చింది. మనం పేరు కూడా వినని భాషలో కొన్ని వాక్యాలు, పక్కనే వాటి అర్థాలు ఇస్తారు. రెండూ పోల్చి ఏ మాట దేనికో మనమే కనిపెట్టాలి. ముందుగా చదివేదేమీ లేదు. "ఇందులో గెలిస్తే హాస్టల్ వద్దు నాయనా, ఊళ్ళోనే కాలేజీ" అన్నాను. "గెలువు మే, అట్టనే కానీ" అన్నాడు మా నాయన, రొయ్యల గుంటలో మేత చల్లుతా.

చదివేదేమీ లేదంటే మా ట్యూషన్ సార్ ఒప్పుకుంటాడా? ఆయన్ను మేం చాటున బట్టీ సార్ అనేవాళ్ళం. "సిలబస్ లేని పరీక్ష ఏందమ్మా! మనకు తెలియకుండా దాస్తా ఉండారు" అని పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, వాటిల్లో ఉన్న భాషలన్నీ మా చేత బట్టీ పట్టించినాడు. పొద్దున్నే మైపాడు రోడ్డులో పోయే చేపల ఆటోవాళ్ళు మా వల్లెవేతలు విని బండి ఆపి, "ఏం పూజ జరుగుతా ఉండాది సార్?" అని అడిగేవాళ్ళు. ఏదో దీవి భాషలో 'ముసలమ్మ మేకను తరిమింది' అనడం రాక నేను బెంచీ ఎక్కినాను. నాకు బట్టీ రాదు, ఏం చేసేది! "నువ్వు మన సెంటర్ పరువు తీస్తావు" అని సార్ రోజూ దీవించేవాడు.

పరీక్షలో ఆ పాత భాషల్లో ఒక్కటీ రాలేదు. బట్టీ బాగా వచ్చినవాళ్ళు "మోసం, మోసం" అని గొణుక్కుంటానే, నేర్చిందంతా కక్కేసి, అడిషనల్ షీట్లు కూడా కట్టి వచ్చినారు. (మా బళ్ళలో ఖాళీ వదలడం మహాపాపం.) నాకు గుర్తుండేదేమీ లేదు కాబట్టి ఇచ్చిన వాక్యాలనే చూస్తా కూర్చున్నాను. ఈ రెండు వాక్యాల అర్థాల్లోనూ కుక్క ఉంది, రెండు వాక్యాల్లోనూ ఒకే మాట ఉంది. అయితే అదే కుక్క! అబ్బ, ఎంత హాయిగా ఉన్నిందో. గంట కొట్టేదాకా హాస్టల్ సంగతే గుర్తు రాలేదు.

గెలిచినాను. మా వైపు నుంచి పై రౌండుకు పోయేది నేనొక్కదాన్నే. బడిలో సంగతి తెలిసి ఇంటికి పరుగెత్తేసరికి, నాకంటే ముందే వచ్చి బట్టీ సార్ మా వరండాలో కాఫీ తాగుతా ఉండాడు. "చూసినారా నా కోచింగు!" అంటా ఉండాడు. నా ఫోటో, దానికంటే పెద్దగా తన ఫోటో వేసి ఫ్లెక్సీకి కూడా చెప్పేసినాడంట. నాయన కళ్ళల్లో నీళ్ళు. "ఇంత తెలివైన బిడ్డను ఊళ్ళో పెట్టుకుని పాడుచేస్తానా? సార్ చెప్పి నెల్లూరు హాస్టల్లో సీటు ఇప్పిస్తాడంట మే!"

"గెలిస్తే వద్దన్నావు గదా నాయనా!" అని ఏడ్చినాను.

"అది నువ్వు గెలవనప్పటి మాట" అన్నాడు, ఎంతో ప్రేమగా.

రెండేళ్ళు ఆ చారు తిన్నాను. (నీళ్ళ సంగతి అక్క తక్కువ చెప్పింది.) మొన్న ఊరికి పోతే, గుంట కాడ మోటారు మీద ఆ ఫ్లెక్సీ కప్పి ఉంది. ఎండ తగిలే వైపుండే సార్ మొహం మొత్తం వెలిసిపోయింది. నేను మాత్రం పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతా ఉండాను. "ఇంకా పారెయ్యలేదా నాయనా?" అంటే, ఆయన మోటారు వైపు తిరిగి, "నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ ఈడనే గదా నిన్ను చూసుకున్నింది" అన్నాడు. మరి ఎందుకు పంపినావని అడగబోయినాను. తననెక్కడికి పంపబోతున్నారో తెలియక ఫ్లెక్సీలో అంత సంబరంగా నవ్వుతున్న ఆ పిల్లను చూసి, నాకూ నవ్వొచ్చి ఊరుకున్నాను.