గంపెత్తే ఊపిరి

మైపాడు నుంచి నెల్లూరికి పోయే షేరాటోలో ప్రేమలీల ఎప్పుడూ ఒక పక్కకే ఒరిగి కూర్చుంటుంది. చూసినవాళ్ళు తుంటినొప్పేమో అనుకుంటారు. తుంటికేమీ కాలేదు. సరిగా కూర్చుంటే కిందికి జారిన గర్భసంచి సీటుకు ఒత్తుకుంటుంది. పదకొండేళ్ళుగా ఆమె కూర్చునే తీరే అది.

రెండో బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజున ఆమె మళ్ళీ గంప ఎత్తింది. ఎత్తమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. భర్త గిద్యోను వేరేవాళ్ళ పడవలో వేటకు పోతాడు. అతని వంతుకు వచ్చిన చేపను నెల్లూరు వీధుల్లో తిప్పి అమ్మేది ఈమె. ఈమె ఇంట్లో కూర్చుంటే చేప కూడా ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకని ఎత్తింది. కొన్నాళ్ళకు సాయంత్రమయ్యేసరికి కింద ఏదో గుడ్డు ఇరుక్కున్నట్టు అనిపించసాగింది. పడుకుంటే లోపలికి పోయేది. తెల్లారి లేచేసరికి బాగానే ఉండేది కాబట్టి బాగానే ఉందనుకుంది. ఆ తర్వాత దగ్గినా తుమ్మినా చీర తడవడం మొదలైంది. దాన్ని ఆమె పెద్దగా దాచాల్సిన అవసరం రాలేదు. గంపలోని ఐసు కరిగి ఎప్పుడూ ఒంటిమీద కారుతూనే ఉంటుంది. చేపలమ్మే మనిషి చీర తడిగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు.

క్యాథరిన్ అనే నర్సు చర్చిలో స్త్రీల కూడికకు వచ్చేదాకా ఈ సంగతి ఎవరి చెవినా పడలేదు. నెల్లూరులోని ఒక ఆసుపత్రి ఈ జబ్బు మీద పరిశోధన చేస్తోంది. ఎవరికుందో చెయ్యెత్తమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. మరుసటి వారం ఆమె తెర వెనుక ఒక డబ్బా పెట్టి, అందరికీ తలా ఒక చింతగింజ ఇచ్చింది. ఉన్నవాళ్ళు డబ్బాలో వెయ్యాలి, లేనివాళ్ళు కొంగున కట్టుకుపోవాలి. ముప్పై రెండు మందికి పద్నాలుగు గింజలు పడ్డాయి. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెప్పులు వెతుక్కున్నారు.

బయటికి వచ్చాక తోడికోడలు లిల్లీ పక్కన నడుస్తూ అంది. “పద్నాలుగులో ఒకటి నీదే కదక్కా.”

“నీకెట్ట తెలుసు?”

“ఇంకోటి నాది కాబట్టి. ఇన్నేళ్ళుగా ఒకే దండెం మీద ఆరేస్తా ఉండాం. ఎవురు ఎన్ని లోపల పెట్టుకునే మడతగుడ్డలు ఉతుకుతారో కనపడదా?”

ఇద్దరూ కలిసి ఆసుపత్రికి పోయారు. క్యాథరిన్ అక్కడ వివరంగా చెప్పింది. కొందరికి గర్భసంచిని పైకి ఆపే మెత్తటి రింగు లోపల పెడతారు. కొందరికి కింది కండరాలకు బలం వచ్చే వ్యాయామం నేర్పుతారు. ఆరు నెలలయ్యాక మన ఆడవాళ్ళకు ఏది ఎక్కువ మేలు చేసిందో చూస్తారు. ఎవరికేది అనేది డాక్టరు చేతిలో ఉండదు, అతికించిన కవరులో ఏముంటే అది. ఒక గుంపువాళ్ళది ఇంకో గుంపువాళ్ళు చెయ్యకూడదు. చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

లిల్లీ కవరులో రింగు వచ్చింది. ప్రేమలీలకు వ్యాయామం.

“ఆడబిడ్డ పెళ్ళిలో కూడా జరీచీర నీకే వచ్చింది” అంది ప్రేమలీల.

డాక్టరు అనూష మెత్తగా మాట్లాడే మనిషి. వ్యాయామంతో నిలబడితే ఆపరేషన్ లేకుండా పోవచ్చు, గంప బరువు తగ్గించుకుని వ్యాపారం చేసుకోవచ్చు అంది. ఇంకా దిగితే మాత్రం ఆపరేషనే. ఆ తర్వాత గంప మాట మరిచిపోవాలి. ప్రేమలీలకు ఆ చివరి మాట ఒక్కటే గుర్తుండిపోయింది. గంప కాక ఆమెకు చేతనైన పని ఇంకేదీ లేదు.

క్యాథరిన్ ఆమెను పడుకోబెట్టి నేర్పింది. కింది కండరాలను లోపలికి, పైకి లాగాలి. పొట్ట మెత్తగా ఉండాలి, ఊపిరి ఆడుతూ ఉండాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకు పదిసార్లు, రోజుకు మూడు పూటలు. చేసిన ప్రతి పూటకూ పుస్తకంలో ఒక గీత పెట్టాలి. ఆ రోజు ఆమె సరిగానే చేసింది. క్యాథరిన్ బాగుందంది.

ఇంటికి వచ్చాక నమ్మకం కుదరలేదు. చెమట పట్టలేదు, నొప్పి పుట్టలేదు. ఇంత సులువుగా అయ్యేది పనెట్లా అవుతుంది? ఆమెకు తెలిసిన బలం ఒకటే. గంప ముందు గొంతుక్కూర్చుని, గుండెల నిండా గాలి పీల్చి, పళ్ళు బిగించి, ఒక్క ఊపున లేవడం. వ్యాయామాన్నీ అలాగే చెయ్యసాగింది. ఆటోలో చేసింది. చేప పొలుసు గీకుతూ చేసింది. మూడు పూటలు చాలవనిపించి ఐదు పూటలు చేసింది.

లిల్లీ పట్టుబట్టింది. “నాకూ చెప్పక్కా. రింగుతోపాటు ఇదీ చేస్తే తొందరగా నయమవుద్ది కదా.”

“చెయ్యకూడదన్నారు గదమ్మే.”

“నువ్వు నాకు చేప కోసేది చెప్పలా, బిడ్డకు పాలిచ్చేది చెప్పలా? ఇదొక్కటే దాచుకుంటావా?”

ప్రేమలీల చాప పరిచి చూపించింది. ఆ ఇంట్లో ఒకరికి వచ్చిన పని ఇంకొకరికి రాకుండా ఉండటమనేది లేదు. లిల్లీ వెంట రింగు పెట్టుకున్న ఇంకో ఇద్దరు వచ్చారు. గురువారం చర్చిలో ప్రార్థన ముగిశాక నలుగురూ చాప మీద కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మొహాలు ఎర్రబడేలా చేసేవాళ్ళు. పాస్టరు గారి భార్య తలుపు దాకా వచ్చి, వీళ్ళింకా ప్రార్థనలోనే ఉన్నారనుకుని చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయేది.

రెండో నెలలో ప్రేమలీలకు ఒంట్లో ఇంకా భారమైంది. తన కష్టం చాలడం లేదనుకుని ఇంకాస్త గట్టిగా చేసింది. లిల్లీకి రెండుసార్లు బాత్రూములో రింగు జారి పడిపోయింది. కడిగి మళ్ళీ పెట్టుకుని, ఆ మాట ప్రేమలీలకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలకు పరీక్ష. లిల్లీ బయట బల్ల మీద కూర్చుంది. లోపల క్యాథరిన్ తొడుగు వేసుకుని వేళ్ళతో చూస్తూ, “చెయ్యక్కా” అంది. ప్రేమలీల చేసింది.

“నువ్వు లాగడం లా. కిందికి తోస్తా ఉండావు.”

ప్రేమలీల మళ్ళీ చేసి చూపించింది.

“ఊపిరి ఎందుకు బిగబట్టినావు?”

“బరువెత్తేటప్పుడు బిగబట్టకుండా ఎట్ట?”

“ఇప్పుడు బరువు లేదు గదా.”

“ఎప్పుడు లేదు సిస్టరూ.”

క్యాథరిన్ చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం తిరగేసింది. తొంభై రోజులు, ఒక్క గడీ ఖాళీ లేదు. పేజీలు తిప్పేకొద్దీ ఆమె మొహం పాలిపోయింది. గర్భసంచి మొదటిసారి కంటే వేలెడు కిందికి దిగిందని చెప్పింది. డాక్టరమ్మ ఆపరేషన్ అనవచ్చు, అడిగితే ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు అంది. ప్రేమలీలకు ఏడుపు రాలేదు. అంత ఓపిక లేదు. మూడు నెలలు రోజుకు ఐదు పూటలు తన చేతులతోనే తన గంపను దూరం తోసుకుంటూ వచ్చానని మాత్రం అర్థమైంది.

అప్పుడు లిల్లీ రింగు గుర్తొచ్చింది. అది ఎందుకు జారిందో ఇప్పుడు తెలిసింది. చెబితే ముగ్గురినీ పరిశోధన నుంచి తీసేస్తారేమో, రింగు లాగేసుకుంటారేమో. తన గడువు కూడా ఇవ్వరేమో. చెప్పకపోతే వాళ్ళు రేపు గురువారం మళ్ళీ చాప పరుస్తారు. చీర సర్దుకుని తలుపు దాకా పోయింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగింది.

“సిస్టరూ, దీన్ని ఇంకో ముగ్గురికి చెప్పినా. రింగోళ్ళకి.”

క్యాథరిన్ పెన్ను కింద పెట్టింది. “ఎన్నాళ్ళబట్టి?”

“రెండు నెల్లు దాటింది. లిల్లీకి రింగు జారతా ఉండాది. నేను చెప్పినానని చెప్పబాకండి అనను. చెప్పండి. రింగు మాత్రం తీసుకోబాకండి.”

“రింగు వాళ్ళ వైద్యమక్కా, అదెవురూ తీసుకోరు. కానీ ఇది నేను రాయాల. వాళ్ళ లెక్క వేరే పెడతారు.” కాసేపు నుదురు రుద్దుకుంది. పొద్దుటినుంచి ఆమె చూసిన తొమ్మిదో మనిషి ప్రేమలీల. “తప్పు నాది కూడా. నిన్ను పడుకోబెట్టి చూసినా గానీ గంపెత్తించి చూళ్ళా. ఇట్ట ఇంకెంతమంది చేస్తా ఉండారో.”

మూలనున్న బకెట్లో నీళ్ళు పట్టి ముందు పెట్టింది. ముందు కింద లాగు, ఊపిరి వదులుతూ లెయ్యి అంది. ప్రేమలీలకు చేతకాలేదు. బకెట్టు మీద చెయ్యి పడగానే గాలి దానంతటదే బిగుసుకుంది. పన్నెండోసారి ఒక్కసారి కుదిరింది. పదమూడోసారి మళ్ళీ పోయింది. డాక్టరు అనూష మూడు నెలల గడువు ఇచ్చింది, సగం గంపకు మించి ఎత్తనని మాట తీసుకుని.

బయట విషయం విన్న లిల్లీ, “చెప్పేముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది” అంది. మైపాడు ఆటోలో ఆమె పక్కన కాక డ్రైవరు పక్కన కూర్చుంది.

మరునాడు పొద్దున ఒడ్డున గిద్యోను గంపలో కానాగంత చేపలు నింపుతుంటే ప్రేమలీల సగానికి చెయ్యి అడ్డం పెట్టింది.

“సగమేంది? మిగతాది?”

“ఆటో దాకా నువ్వు మొయ్యి. నెల్లూరులో దించుకుని రెండు తడవలుగా తిరుగుతా.” ఆ తర్వాత, పడవలవాళ్ళకు వినపడనంత చిన్నగా, కారణం చెప్పింది.

గిద్యోను చేతిలోని చేపను కుప్ప మీద పెట్టేశాడు. “పదకొండేళ్ళా? చెప్పలేదేందిమే?”

“నువ్వడగలా.”

అతను గంప నెత్తికెత్తుకున్నాడు. పడవ మీదనుంచి ఎవరో, “ఏం గిద్యోనూ, బేరానికి నువ్వే పోతా ఉండావా, బాగా పలికేవి తీసుకుపో” అని నవ్వారు. అతను ఆటో వైపు నడిచాడు.

రెండు తడవలంటే ఆలస్యమే. నెల్లూరులో మిగతా సగంతో ఆమె రెండో తడవ వీధికి చేరేసరికి అక్కడి ఆడవాళ్ళంతా వేరేవాళ్ళ దగ్గర కొనేసి కత్తిపీటలు కడిగేశారు. ప్రేమలీల సగం గంప దించి, గుమ్మం నీడలో కాసేపు నిలబడింది. వంగి, నోటితో గాలి వదులుతూ మెల్లగా ఎత్తుకుంది. సరిగా చేసిందో లేదో ఆమెకు తెలియలేదు. పక్క వీధి వైపు నడిచింది.