మోకాలు బాగాలేని పొడుగాయన

మా ఆఫీసు ఇర్వింగ్‌లో, లాస్ కొలీనాస్ కాలువ పక్కన ఒక భవనంలో నాలుగో అంతస్తు. మా మేనేజర్ ఆస్ట్రేలియా ఆవిడ. యాభై దాటాయి. మెల్బోర్న్ నుంచి వచ్చి ఆరేళ్ళయినా ఆవిడ ఇంగ్లీషు నాకు పూర్తిగా అలవాటు కాలేదు. ముందు తల ఊపి, సీటు దగ్గరికి వచ్చాక ఆవిడ ఏమని ఉంటుందా అని ఆలోచించుకునేదాన్ని. ఈ అలవాటు వల్ల ఎప్పుడో ఒకప్పుడు ఇబ్బంది వస్తుందని తెలుసు. అది నాకు కాక ఇంకొకరికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

అక్టోబరులో ఒక సోమవారం మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో అన్నం వేడి చేసుకుంటున్నాను. కిటికీ దగ్గర మా మేనేజర్ నా వైపు వీపు పెట్టి ఫోన్‌లో మాట్లాడుతోంది. వినాలని వినలేదు. ఆవిడ గొంతే పెద్దది.

"పొడుగాయన్ని వదిలేసుకోవాల్సిందే. మోకాలు పోయింది. కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది, నిజమే. కానీ ఈ పది రోజుల్లో తేల్చకపోతే మనకు దక్కేదేమీ ఉండదు. అతని బదులు ఒక కుర్రాణ్ని తెచ్చుకుంటే పదేళ్ళు పనికొస్తాడు." కాసేపు అవతలివాళ్ళ మాట విని, "నాకూ అతనంటే ప్రాణమే. ప్రాణమైతే మాత్రం ఏం చేస్తాం?" అంది.

మైక్రోవేవ్ ఆగి చాలాసేపైనా నేను డబ్బా బయటికి తీయలేదు.

మా టీమ్‌లో ఆరడుగుల మూడంగుళాల మనిషి ఒక్కడే ఉన్నాడు. వరంగల్ అబ్బాయి. నాకంటే అయిదేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటాడు. ఎండాకాలంలో ఆదివారం క్రికెట్ ఆడుతూ మోకాలు మెలిపెట్టుకున్నాడు. అప్పటి నుంచి పట్టీ కట్టుకునే ఆఫీసుకు వస్తున్నాడు. కాంట్రాక్టు మీద వచ్చినవాడే. మొన్ననే దాన్ని రెండేళ్ళు పొడిగించారు. ఇన్ని కలిశాక ఇంకేం అనుకోవాలి నేను?

సాయంత్రం పార్కింగ్‌లో అతని కారు పక్కన నిలబడ్డాను.

"ఒక్క నిమిషం తమ్ముడూ. నీతో ఒక మాట చెప్పాలి."

"ఏమైందక్కా?"

చెప్పాను. అతను తాళంచెవి చేతిలో తిప్పుతూ విన్నాడు.

"నా పేరు చెప్పిందా?"

"పేరు చెప్పలేదు. పొడుగాయన అంది. మోకాలు అంది."

"మొన్న రివ్యూల మంచిగనే మాట్లాడింది గదా. గట్ల ఎందుకంటది?"

"ఏమో. ఈ పది రోజుల్లో తేల్చాలంది. నేను విన్నది నీకు చెప్తున్నాను, అంతే."

"జాబ్ పోతే అరవై రోజులే టైమ్ అక్కా," అన్నాడు. ఆలోపు ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. ఆ సంగతి నాకూ తెలుసు. నాదీ అదే వీసా. అందుకే కదా చెప్పింది. ఆ రోజు రాత్రి మంచి పని చేశానన్న తృప్తితోనే నిద్రపోయాను.

మరునాటి నుంచి అతను లిఫ్ట్ ఎక్కడం మానేశాడు. పట్టీ తీసేశాడు. అందరూ చూసేటట్టు నాలుగంతస్తులూ మెట్ల మీద వచ్చేవాడు. తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి పెదవులు తెల్లగా అయిపోయి ఉండేవి. అయినా నవ్వుతూ అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. బుధవారం మా మేనేజర్ తన కాఫీతోపాటు అతనికీ ఒకటి తెచ్చి ఇచ్చింది. పంపించేసే ముందు చూపించే జాలి అనుకున్నాను. ఆవిడ డెస్క్ మీద ఒక కాగితం కనిపించింది. ఒక పక్క 'ఇచ్చేవి', ఇంకో పక్క 'వచ్చేవి' అని రాసి, కింద అంకెలు, బాణాలు, కొట్టివేతలు ఉన్నాయి. అదీ అతనికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

శుక్రవారం పొద్దున మా మేనేజర్ నన్ను చిన్న మీటింగ్ రూమ్‌లోకి పిలిచి తలుపు వేసింది.

"మీ స్నేహితుడికి ఏమైంది? ఆ మోకాలితో మెట్లెందుకు ఎక్కుతున్నాడు? నేను అడిగితే బాగానే ఉందంటున్నాడు. నాకేమీ అర్థం కావడం లేదు," అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "పంపించేయాలనుకున్నవాళ్ళకు ఆ బాధ ఎందుకు?" అన్నాను. సోమవారం విన్నదంతా వరసగా అప్పజెప్పాను.

ఆవిడ కుర్చీలో కూర్చుని రెండు చేతులూ నుదుటికి ఆనించుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"అది మా ఫుట్‌బాల్ గురించి," అంది.

ఆస్ట్రేలియా వాళ్ళకు సొంతంగా ఒక ఫుట్‌బాల్ ఉందన్న సంగతి నేను మొదటిసారి వినడం అప్పుడే. కోలగా ఉండే పెద్ద మైదానం, కోలగా ఉండే బంతి, జట్టుకు పద్దెనిమిది మంది. సీజన్ అయిపోయాక పది రోజులపాటు క్లబ్బులు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకుంటాయట. ఒక ఆటగాణ్ని ఇచ్చి, బదులుగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే వరసలో ఒక స్థానం తీసుకుంటారట. ఆ పది రోజులూ ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని అభిమానులు వాదించుకుంటూనే ఉంటారట. పొడుగాయన ఆవిడ క్లబ్బులో మైదానం మధ్యలో బంతి కోసం ఎగిరే ఆటగాడు. ఫోన్‌లో అతని బొమ్మ చూపించింది. ఎర్ర గడ్డం, మోకాలికి తెల్లటి కట్టు.

"మీరు చెప్తే ఆ క్లబ్ వింటుందా?" అని అడిగాను.

"ఎవరూ వినరు."

"మరి 'వదిలేసుకోవాలి', 'మనకు దక్కేది' అన్నారు కదా. ఆ 'మనం' ఎవరు?"

ఆవిడ ఫోన్ బల్ల మీద పెట్టింది. "అలాగే అంటాం," అంది.

అతన్ని కూడా లోపలికి పిలిచాం. మళ్ళీ అంతా ఆవిడే చెప్పింది. అతను నా వైపు చూడకుండా బల్ల వైపు చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక ఆవిడకు థాంక్స్ చెప్పి బయటికి వచ్చాడు. కారిడార్‌లో నాతో మెల్లగా అన్నాడు.

"అక్కా, నిన్న ఇల్లు వద్దని చెప్పిన."

ఫ్రిస్కోలో ఒక ఇల్లు ఖాయం చేసుకున్నారని నాకు తెలుసు. గోడలకు ఏ రంగు వేయించాలా అని అతని భార్య నాకు ఫోటోలు కూడా పంపింది. నా మాట విని, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని, రియల్టర్‌కు ఫోన్ చేసి వెనక్కి తగ్గాడన్నమాట. అప్పటికప్పుడు మెట్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేశాడు. తిరిగి వచ్చేసరికి ముఖం చూసే తెలిసిపోయింది.

"వేరేటోళ్ళకు పోయిందట," అన్నాడు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే నాకు కొంత సులువయ్యేది.

జరిగినదానికి మా మేనేజర్ చాలా నొచ్చుకుంది. ఆదివారం మధ్యాహ్నం ఇర్వింగ్‌లోని ఒక పార్కులో తమ క్లబ్ అభిమానుల బృందం కలుస్తుందనీ, ఇద్దరూ తప్పక రావాలనీ పిలిచింది. అతను రాడనుకున్నాను. "పోదాం అక్కా. ఆ పొడుగాయన కథేందో నేను తెలుసుకోవాలె," అన్నాడు.

చెట్ల కింద బల్లల దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. మా మేనేజర్ ఆ పొడుగాయన నంబరున్న జెర్సీ వేసుకుని వచ్చింది. ఆ జెర్సీతోనే బల్ల మీద చెయ్యి కొట్టి మరీ అతన్ని పంపించేయాలని వాదించింది. ఎదురుగా తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన, ఎలక్ట్రీషియన్ అట, అసలు పంపకూడదంటాడు.

"రెండువందల ఆటలు ఆడాడు మనకోసం. ఇప్పుడు ఒక వరస నంబరు కోసం ఇచ్చేస్తామా?" అన్నాడాయన.

"అతనిది పెర్త్. తల్లి అక్కడే ఉంది. అక్కడి క్లబ్ అడుగుతోంది. ఇక్కడ ఉంటే బెంచీ మీద కూర్చోవాలి. అతన్ని అలా చూడటం నావల్ల కాదు," అంది ఆవిడ.

నేను ఎవరు మాట్లాడితే వాళ్ళదే న్యాయమనుకుంటూ కూర్చున్నాను. ఆవిడ మాటల్లో ప్రేమ ఎక్కువగా ఉందా, లెక్క ఎక్కువగా ఉందా? ఒక్కోసారి ఒక్కోలా అనిపించింది. పోనీ పెద్దాయనది ప్రేమ అనుకుందామంటే, కాసేపటికి ఆయనే ఇంకో ఆటగాణ్ని ఒక్క ముక్కలో తీసిపారేశాడు. అదేమిటని అడిగితే, "వాడి సంగతి వేరు," అన్నాడు.

అప్పటిదాకా మడత కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్న మావాడు ఇంగ్లీషులో అడిగాడు. "ఆ పొడుగాయన్ని ఎవరన్నా అడిగారా?"

అందరూ తిరిగి చూశారు. కాంట్రాక్టు ఉన్న ఆటగాడు ఒప్పుకోకపోతే క్లబ్ అతన్ని పంపడానికి లేదనీ, కానీ అభిమానులు అదేమీ పట్టించుకోకుండా వాదించుకుంటారనీ పెద్దాయన చెప్పాడు. మావాడు ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. "ఒద్దంటే ఒద్దే?" అని నాతో తెలుగులో అని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పటి నుంచి పెద్దాయన పక్షాన మా మేనేజర్‌తో వాదనకు దిగాడు. ఉద్యోగం భయం ఏ మూలకు పోయిందో తెలియదు. సొంత మేనేజర్‌ను పట్టుకుని, మీరు చెప్పేది తప్పు అని నాలుగుసార్లు అన్నాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం వెనక నుంచి అతని చొక్కా లాగుతూనే ఉన్నాను.

తర్వాతి బుధవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళేసరికి గడువు ముగిసిందట. పొడుగాయన ఎక్కడికీ వెళ్ళలేదు. పెర్త్ క్లబ్బుకూ వీళ్ళకూ బేరం కుదరలేదు. దానికి బదులు, పార్కులో ఎవరూ తలచుకోని, ఆవిడ డెస్క్ మీది కాగితంలోనూ లేని ఇరవై రెండేళ్ళ కుర్రాడొకడు తనంతట తానే అడిగి వేరే క్లబ్బుకు వెళ్ళిపోయాడు. మా మేనేజర్ కాఫీ చల్లారబెట్టుకుని కూర్చుంది.

"మీకు సంతోషమా, బాధా?" అని అడిగాను.

"నాకూ తెలియడం లేదు," అంది.

ఆ శనివారం మధ్యాహ్నం స్వీట్లు తీసుకుని మావాడి అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. క్షమాపణ చెప్పుకోవాలని. అతను హాల్లో కాలి కింద దిండు పెట్టుకుని, పట్టీ కట్టుకుని, ఫోన్‌లో ఆ ఫుట్‌బాల్ పాత ఆటేదో చూస్తున్నాడు. అతని భార్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి టీ పెట్టింది. నేను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గట్టు తుడుస్తూ నిలబడ్డాను.

"నావల్లే ఇల్లు పోయింది," అన్నాను చివరికి.

"అయ్యో, గట్లనకు వదినా. ఆ ఇల్లు నాకు మొదటి నుంచీ నచ్చలే. ఆయనకు నచ్చిందని ఊకున్న. పోవుడే మంచిగైంది," అంది టీ వడపోస్తూ.

నాకు ఊపిరి వచ్చినట్టయింది. కానీ ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే గోడల రంగుల ఫోటోలు గుర్తొచ్చాయి. ఒకటి కాదు, పదకొండు పంపింది. ఒక్కోదాని కింద, ఇది బాగుందా వదినా, పూజ గదికి ఇది సరిపోతదా అని రాసింది. నచ్చని ఇంటికి అన్ని రంగులు చూస్తారా ఎవరైనా? లేక నచ్చకపోవడం వల్లే రంగులు మారిస్తే సరిపోతుందేమోనని చూసిందా? ఫ్రీవేలో ఎగ్జిట్ దాటిపోయి మరో రెండు మైళ్ళు ముందుకు వెళ్ళాను. వెనక్కి తిరిగి వచ్చేదాకా ఇదే ఆలోచన. తర్వాత చాలాసార్లు ఆ అమ్మాయితో మాట్లాడాను, వాళ్ళింట్లో తిన్నాను కూడా. అడగాలని ప్రతిసారీ అనుకుంటాను. ఏ జవాబు వింటే నమ్ముతానో నాకే తెలియక ఊరుకుంటాను.