మూడు దోసిళ్ల తవుడు

జోగమ్మకు తన వయసెంతో తెలియదు. అడిగితే, "జపానోడు బాంబులేసిన యేడు నాకు పన్నెండేళ్లు టీచరమ్మా" అనేది. నేను పుట్టింది ఆ యేడే, నలభై రెండులో. అంచేత మా ఇద్దరికీ పన్నెండేళ్ల తేడా అని తేల్చుకున్నాం. ఈ లెక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత దీంతోనే ఆవిణ్ణి నేను చాలా ఏడిపించాను.

జ్ఞానాపురంలో మా వాటా పక్క వాటా వాళ్లది. పోర్టు నుంచి లేచే ఎర్రధూళి బట్టల మీద పడకుండా ఇద్దరం ఒకే వసారాలో తీగ కట్టుకుని ఆరేసుకునేవాళ్లం. భర్త ఎల్లారావు డాకులో ఓడ సరుకులు మోసే కలాసీ. తెల్లారేసరికి జోగమ్మ రాగిపిండితో కాచిన చోడి అంబలి కుండ నెత్తిన పెట్టుకుని అమ్ముకోడానికి డాకు గేటు దగ్గరికి పోయేది. నేను మిషను బళ్లో టీచర్ని. పెళ్లి కాలేదు. నోరు మాత్రం నలుగురికి సరిపడా ఉంది.

ఆవిడకు నలుగురు పుట్టారు, నలుగురూ పోయారు. ఆఖరిబిడ్డ పోయిన పదమూడేళ్లకి, డెబ్భై మూడు మొదట్లో నెల తప్పితే ఇక ముట్లుడిగాయనుకుంది. అయిదో నెలలో కడుపులో బిడ్డ కదిలింది. వచ్చి నాకు చెప్పింది, సంతోషంతో కాదు, భయంతో.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "నీకు నలభై మూడు జోగమ్మా. బిడ్డకి పదేళ్లొచ్చేసరికి యాభై మూడు. పెళ్లీడుకొచ్చేసరికి నువ్వుంటావో పోతావో. ఈ వయసులో నీకెందుకే ఈ బరువు?" అన్నాను.

ఆవిడ మోకాళ్లు రాసుకుంది. "పద్దెనిమిదేళ్లప్పుడు నాకేటి తెలుసు టీచరమ్మా? పిల్లకి ఇరోసనాలవుతుంటే నీళ్లియ్యొద్దంది మా అత్త. ఇవ్వలేదు. ఎండిపోయి సచ్చిపోనాది. ఇప్పుడైతే నాకు అడ్డెవులు? నీళ్లు కాసడం తెలుసు, ఆస్పత్రి దారి తెలుసు. నా పొయ్యి నాది. నాకిప్పుడొచ్చింది అమ్మయ్యే వయసు."

అక్కడితో నోరు మూసుకోవాలని నాకెవరూ నేర్పలేదు. "తెలివొచ్చింది సరే, ఓపిక ఎక్కణ్ణుంచి తెస్తావు?" అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున మంత్రసాని నూకాలుని వెంటబెట్టుకుని జోగమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. పిల్లలు దక్కని ఇళ్లలో ఈ ప్రాంతంలో ఒక పద్ధతుంది. పుట్టిన బిడ్డను చేటలో పెట్టి, తవుడుకి ఎవరికైనా అమ్మేస్తారు. మృత్యువు వచ్చి చూస్తే ఆ ఇంట్లో ఆ ఇంటి బిడ్డ ఉండదు. కొన్నవాళ్లు పెంచమని మళ్లీ తల్లికే ఇస్తారు. ఆ కొనేమనిషి నేనేనట.

"మా క్రైస్తవ మతంలో ఇలాంటివి లేవు" అన్నాను.

"అందుకే నీ కాడికొచ్చినాను. నా పిల్లల కోసం నాలుగుసార్లొచ్చినోడు అయిదోసారి రాడేటి? మీ దేవుడు వేరు. ఆడు మీ గుమ్మమెక్కడు" అంది జోగమ్మ.

కొనడానికి తవుడు కూడా ఆవిడే తెచ్చింది. మూడు దోసిళ్లు ఆవిడ కొంగులో పోసి బిడ్డనెత్తుకున్నాను. గుమ్మం వైపు తిరిగి గట్టిగా అనమని నూకాలు చెప్పిన మాట అన్నాను: "ఈ పిల్ల నాది. పెంచమని నీకిస్తున్నాను." నవ్వొచ్చి సగంలో ఆగాను. నూకాలు మళ్లీ మొదట్నుంచి అనిపించింది. చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఈ సంగతి చెబితే ఫాదరుగారు బిడ్డ కులాసాగా ఉందా అని మాత్రం అడిగారు.

నేను బళ్లో పిల్ల పేరు గౌరీశ్వరి అని రాసుకున్నాను గాని, అందరికీ అది తవుడే. నేను ఆడి మరిచిపోయిన ఆటను జోగమ్మ ఒక్కరోజు కూడా మరవలేదు. పిల్లచేత తనను మామ్మ అని పిలిపించింది. బడి దగ్గర ఎవరైనా "మనవరాలా?" అంటే ఔననేది. ఆవిడ నెరిసిన జుట్టుకీ ఒంగిన నడకకీ ఎవరూ అనుమానపడలేదు కూడా. అమ్మా అని నన్ను పిలవమని నేర్పింది. పెళ్లికాని టీచర్ని వీధిలో అమ్మా అంటే బాగుండదని నేనే మాన్పించాను, టీచరనమన్నాను. అలా ఆ పిల్ల అమ్మా అని ఎవరినీ పిలవకుండా పెరిగింది. ఇది నేను చేసిన పని.

పిల్లకి ఒళ్లు వెచ్చబడితే చాలు, జోగమ్మ అంబలికుండ గేటు దగ్గర వదిలేసి ఆస్పత్రికి పరిగెత్తేది. పిల్ల ఆరో యేట ఎల్లారావు ఆయాసంతో పోయాడు. ఆనాడు కూడా ఆవిడ ముందు పిల్లను మా ఇంట్లో పెట్టి తలుపు వేసింది, ఆ తర్వాతే ఏడ్చింది.

ఎనభై మూడు వానాకాలంలో జోగమ్మ కడుపులో గడ్డ బయటపడింది. కోసినా లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. పిల్లకి పదేళ్లు, ఆవిడకి యాభై మూడు. నా లెక్క తప్పలేదు.

కబురు తెలిసి, ఎస్.కోట అవతల పల్లె నుంచి మరిది తాతబాబు వచ్చాడు. చెడ్డవాడు కాదు. "మా అన్న పిల్లని నానొగ్గేత్తానేటి వదినా? తిండికి లోటుండదు. గేదెల్ని సూసుకుంతాది. రెండేళ్లు పోతే మనువు సేసేత్తాం" అన్నాడు. జోగమ్మ తలూపింది. అతను బయటికెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని సదివించు టీచరమ్మా. నీ కాడ ఉంచుకో."

"నాకు నలభై ఒకటి జోగమ్మా. ఒంటిదాన్ని. రేపు నాకేమైనా అయితే? ఈ వయసులో నాకెందుకే ఈ బరువు..." అన్నాను. మాట పూర్తయ్యేలోపే అది ఎక్కడిదో గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

దెప్పితే బాగుండేది. దెప్పలేదు. "ఆలోసించు. తొందరేటి లేదు" అంది. గంజి కూడా దిగని మనిషి నాకు తొందర లేదంది. నేను ఎనిమిది రోజులు ఆలోచించాను. ప్రార్థన చేసుకున్నానని చెప్పుకోవచ్చు గాని, నిజానికి దాక్కున్నాను. నీళ్ల పంపు దగ్గరికి కూడా ఆవిడ గుమ్మం ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్లాను.

తొమ్మిదోరోజు ఆదివారం. చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి వసారాలో తాతబాబు పిల్ల బట్టల మూటతో కూర్చున్నాడు. మధ్యాహ్నం బస్సుకి తీసుకెళ్లిపోతాడట. ఇక దాక్కోవడానికి చోటు లేక లోపలికెళ్లాను. చాప మీద జోగమ్మ చిక్కి సగమైపోయి ఉంది. పిల్ల పక్కన కూర్చుని ఆవిడ కాళ్లు పడుతోంది.

"మామ్మా, నాను ఎల్లను" అంది. పిల్ల ముందుకు వంగి మొహం దగ్గర మొహం పెట్టింది. పదేళ్ల పిల్లకి తెలియదా ఎవరి కడుపున పుట్టిందో. "అమ్..." అంది.

చెయ్యి ఎత్తలేని మనిషి చటుక్కున చెయ్యెత్తి దాని నోరు మూసింది. రెండో చేత్తో కూడా నొక్కి పట్టింది. చూపు మాత్రం ఖాళీ గుమ్మం మీద ఉంది.

"అనకు. నాలుగుసార్లొచ్చినోడు ఇక్కడే ఉన్నాడు. ఇంటాడు."

పదేళ్లు ఆ ఒక్క మాట కోసం ఆ తల్లి చెవులు ఎంత కాచుకున్నాయో నాకు తెలుసు. ఆఖరి నిమిషంలో అందుతున్నదాన్ని తన చేత్తోనే నొక్కేసింది. నా ఎనిమిది రోజుల ఆలోచన చూసుకుంటే నామీద నాకే అసహ్యమేసింది. పిల్లను లేవదీసి నాకానించుకుని గుమ్మం వైపు తిరిగాను. ఈసారి నవ్వు రాలేదు.

"ఈ పిల్ల నాది. తవుడిచ్చి కొనుక్కున్నాను. తీసుకుపోతున్నాను" అన్నాను, వసారాలో వాళ్లకి కూడా వినబడేలా.

తాతబాబు మూట పట్టుకుని లేచి నిలబడ్డాడు. జోగమ్మ చేతులు చాప మీద పడిపోయాయి. పిల్లను చూడలేదు, తాతబాబునీ చూడలేదు. గుమ్మాన్నే చూస్తూ, సాక్ష్యం చెప్పేదానిలా నెమ్మదిగా అంది:

"ఔనయ్యా, ఆవిడ పిల్లే. నాకు పిల్లల్లేరు."