ఎర్ర ఎంజీకి శివమ్మ కట్టిన సీట్లు

మేడ్చల్‌లో ఇస్తారి షెడ్డు ఎక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. బెల్టు శివమ్మ షెడ్డు ఎక్కడంటే మాత్రం పంక్చర్లు వేసే అతను కూడా చెయ్యి ఎత్తి చూపిస్తాడు. ఇస్తారి ఆమెకు బావ, భర్త భిక్షానికి స్వయానా అన్న. పాత కార్ల ఇంజన్లు, రేకు పని, రంగు ఇస్తారివి. సీట్లు, గుడ్డ టాపులు, తలుపుల లోపలి అట్టలు శివమ్మవి.

ఆ పేరు ఊరికే రాలేదు. బాగుచేసిన ఒక పాత జీపును నడిపి చూద్దామని భిక్షం శామీర్‌పేట దారిన తీసుకుపోయాడు. ఎదురొచ్చిన లారీని తప్పించబోయి, బెల్టు లేని సీట్లోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. మనిషి మిగల్లేదు. జీపుకు ఏమీ కాలేదు, మళ్లీ నడుపుకుంటూ షెడ్డుకు తెచ్చారు. శివమ్మ దాని సీటు మీద చెయ్యి వేసి చూసింది. అది తను కుట్టిన సీటే. ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

దినాలు అయిపోయాక మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఏడుపొచ్చినా కాలు మాత్రం తొక్కుతూనే ఉండేది. అప్పటినుంచి ఆమె కుట్టిన సీటు ఏదీ బెల్టు లేకుండా ఆ షెడ్డు గడప దాటలేదు. “మా తాత కాలంల గీ బండికి బెల్టే లేదు” అని ఎవరన్నా అంటే, “మీ తాతకు గిన్ని లారీలు ఎదురు రాలే” అనేది. నవ్వేవాళ్లు నవ్వుకున్నారు. బెల్టు మాత్రం వేయించుకునే పోయారు.

అలాంటి షెడ్డుకు కొంపల్లి నుంచి గోపాలరావు తన ఎర్ర ఎంజీని తెచ్చాడు. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోది. కౌకూర్ దగ్గర ఒక పాత బంగళా కొట్టంలో, దానిలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే చూసి కొన్నాడు. భీమవరం వైపు మనిషి, ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ కారే లోకం. ఆయనకొక నియమం ఉంది: కంటికి కనిపించేది పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి, లోపల మార్చినా, రేపు విప్పితే మచ్చ మిగలకూడదు. కొంపల్లి ట్రాఫిక్‌లో ఇంజన్ ఉడికిపోతుంటే కరెంటు ఫ్యాను పెట్టించుకున్నాడు, అదీ రేడియేటర్ చాటున. కొత్త వైర్లకు పాతకాలపు నూలు తొడుగులు వేయించాడు.

సీట్ల దగ్గర మొదటి తప్పు శివమ్మదే. మేడ్చల్‌లో సీటు కుట్టించుకునేవాళ్లందరిదీ ఒకటే మాట, పొంగిన పూరీలాగా ఉండాలని. ఆ అలవాటులో పాత సీట్లలో కూరిన గుర్రపు వెంట్రుకలు తీసి గోనెసంచిలో పడేసి, మందపాటి ఫోమ్ పెట్టి కుట్టింది. గోపాలరావు ఎక్కి కూర్చునేసరికి మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. తల అద్దం చట్రం మీదికొచ్చింది. కాలు బ్రేకు మీదికి పోదు.

“అమ్మా శివమ్మా, నేను కారెక్కానా, అరుగెక్కానా?”

పక్కన నిలబడ్డ ఆయన భార్య కామేశ్వరమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కదలకండి. అచ్చం పెళ్లిపీట మీదున్నట్టే ఉన్నారు. అక్షింతలు తెస్తాను.”

శివమ్మ నవ్వలేదు. సీట్లు దింపి, కుట్లు విప్పి, గోనెసంచి వెతికి తెచ్చింది. ఆ వెంట్రుకల్ని కుంకుడుకాయ రసంలో నానబెట్టి, ఉతికి, డాబా మీద ఆరబోసింది. చిక్కులు తీస్తూ కూర్చుంటే ఇస్తారి వచ్చి చూశాడు.

“తలంటు వోసినవ్ సరే, జడేసి పూలు గూడ వెడ్తవా?”

“పెడ్త బావా. ముందుగాల ఆ పిన్నుల డబ్బా ఇటియ్యి.”

ఈసారి సీటు పల్చగా, గట్టిగా వచ్చింది. పగిలిన పాత తోలులో బాగున్న ముక్కలు వీపు దగ్గర ఉంచి, చిరిగినచోట మాత్రమే కొత్తది అతికింది. గోపాలరావు కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని, “ఇదీ!” అన్నాడు. అంత సంతోషంగా ఉన్నప్పుడే శివమ్మ అడిగింది.

“బెల్టులు ఏ రంగువి తెమ్మంటరు సారు?”

ఆయన కళ్లు తెరిచాడు. “బెల్టులా? ఈ కారుకు బెల్టులు లేవమ్మా.”

“లేవనే గద అడుగుతున్న.”

“చూడమ్మా, వచ్చే నెల పాత కార్ల ప్రదర్శన ఉంది. పుట్టినప్పుడు లేనిది ఏది కనపడినా మార్కులు కోస్తారు. అది పోనీ. దీని ఒంటికి బెజ్జం పడితే మళ్లీ పూడదు. నేను దీనికి యజమానిని కాను, కాపలాదారుని. నా తర్వాతివాడి చేతికి ఉన్నదున్నట్టు వెళ్లాలి.”

“మీ తర్వాతోని సంగతి నాకెందుకు సారు? మీ సంగతి జెప్పుండ్రి. అమ్మను పక్కకు కూసోబెట్టుకొని తిరుగుతరు గద.”

“నెమ్మదిగానే నడుపుతాను.”

“మా ఆయిన గూడ నెమ్మదిగనే నడుపుతుండె.”

ఆ మాటకు గోపాలరావు తల దించుకున్నాడు. కానీ ఒప్పుకోలేదు. శివమ్మ రెండు సీట్లూ దించి, తన పాత చీర కప్పి, షెడ్డు అటక మీదికి ఎక్కించింది.

“ఏం జేస్తున్నవే!” ఇస్తారి గొంతు తగ్గించి అరిచాడు. “గాయిన వేరే కాడికి పోతడు. పరేషాన్ జెయ్యకు.”

“పోనీ బావా. నా సీటు మీదికెల్లి ఇంకొకలు ఎగిరి వడుడు నేను సూడలేను.”

“అందరికీ నీ బాధ అంటిస్తవా?”

ఆ మాట గట్టిగానే తగిలింది. శివమ్మ చాలాసేపు దారం ఎక్కించకుండానే సూది పట్టుకుని కూర్చుంది. “బాధ గాదు బావా, పని. బెల్టు లేకుంటె నా పని సగమే అయినట్టు,” అంది చివరికి.

గోపాలరావు కొన్నాళ్లు రాలేదు. ఆ రోజుల్లో శివమ్మ తీరిక దొరికినప్పుడల్లా గోనె పరుచుకుని ఆ కారు కిందికి దూరేది. బెజ్జం పడకుండా బెల్టు ఎక్కడ నిలుస్తుందా అని చూసేది. చివరికి ఆయన సీట్లు పట్టుకుపోదామని, ముఖం గంటు పెట్టుకుని, కామేశ్వరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కారు కింది నుంచే అడిగింది.

“బావా, కాళ్ల కింది గీ చెక్క ఎప్పటిది?”

“పోయిన ఎండకాలం వడ్లాయిన జేసిండు. పాతది చెదలు వట్టె గద.”

“అంటే గిది బండితోని పుట్టింది గాదు. దీనికి బెజ్జం వడితే ఎవలికి నొప్పి సారు?”

గోపాలరావు చొక్కా మాస్తుందని కూడా చూడకుండా తనూ కారు కిందికి జరిగాడు. “చెక్కకు బిగిస్తే అది బెల్టు కాదమ్మా, మొలతాడు. గట్టిగా లాగితే చెక్కతో సహా ఊడొస్తుంది,” అన్నాడు. నిజమే. శివమ్మకు అది తోచలేదు.

ఇస్తారి వంగి చూశాడు. ఇప్పుడు మాట ఆయనది. “చెక్కకు కాదు సారు. చెక్కల నుంచి కిందికి దించి, బండి ఇనుప ఛాసిస్‌కు యూ బోల్టులతోని పట్టిద్దాం. ట్రాక్టర్ ట్రాలీ పట్టీలకు గట్లనే జేస్తం. ఇనుముకు బెజ్జం వడదు. మెడకాయ వట్టుకున్నట్టు వట్టుకుంటది.”

“విప్పితే మచ్చ ఉండదా?”

“మధ్యల రబ్బరు పెడితే గీత గూడ వడదు.”

గోపాలరావు లేచి దుమ్ము దులుపుకున్నాడు. భుజం మీదిది వద్దు, నడుముదే చాలన్నాడు. రంగు తోలు రంగులో కలిసిపోవాలి, బకిలు ప్లాస్టిక్‌ది కాక ఇనుపది కావాలి. ప్రదర్శన మైదానంలో బండి ఆగాక విప్పేసుకుంటానన్నాడు.

“ఆగినంక ఇప్పుకోండ్రి,” అంది శివమ్మ. “మల్ల కదిలే ముందు బిగిచ్చుకోవాలె. అమ్మా, మీరు సాచ్చెం.”

“సాక్ష్యం ఏంటమ్మా, నేనే బిగిస్తాను. ఆయన ఊపిరాడక గింజుకోవాలి,” అంది కామేశ్వరమ్మ.

బిగించిన రోజు పక్క సీట్లో ముందు తనే కూర్చుంటానంది శివమ్మ. కొంగు దోపుకుని ఎక్కింది, బకిలు పెట్టుకుంది. టాపు లేని కారు సర్వీసు రోడ్డెక్కితే దుమ్మూ, గాలీ, మిర్చి బజ్జీల వాసనా మొహాన కొట్టాయి. షేర్ ఆటోలోని జనం మెడలు తిప్పి చూశారు. కాలేజీలు దాటాక రోడ్డు ఖాళీ అయింది.

“గట్టిగ బ్రేకు కొట్టుండ్రి సారు.”

“ఊరికేనా?”

“ఊరికే కొట్టుండ్రి.”

ఆయన వెనక్కి చూసుకుని తొక్కాడు. చక్రాలు కీచుమన్నాయి. శివమ్మ ఒళ్లు ముందుకు విసురుకుపోయి, నడుము దగ్గర ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ బెల్టు మీదే ఉండిపోయాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గోపాలరావు ఇంజన్ ఆపేసి, స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నాడు.

“మల్లొక్కసారి,” అంది.

ఆయన బండి మళ్లీ కదిలించి, బ్రేకు తొక్కాడు. ఈసారి ఆమె కళ్లు తుడుచుకుని, తన మోకాలికీ ముందు పలకకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది.

“ఒక అంగుళం వదులున్నది సారు. షెడ్డుకు తిప్పుండ్రి.”

“సాయంత్రం మా ఆవిడని చెరువు దాకా తిప్పుతానని మాటిచ్చానమ్మా. రేపు బిగించుకుందాం.”

“అందుకే సారు, ఇప్పుడే తిప్పుండ్రి.”

గోపాలరావు నిట్టూర్చి, నవ్వి, బండి వెనక్కి తిప్పాడు.