ఎయిర్‌పోర్టులో గుంట

మా అన్న కూతురు నాగవేణి ఏ భవనం గీసినా అందులో ఒక గుంట ఉంటుంది. బడి గీయమన్నా గుంట, ఆసుపత్రి గీయమన్నా గుంట. సరిగ్గా గచ్చు మధ్యలో, మోకాలి లోతున, నలుచదరంగా. చెయ్యి జారి పడిన గీతేమో అనుకుందామంటే, దానికి కొలతలు కూడా వేస్తుంది.

ఈ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆదోనిలో నాకు జిరాక్స్ షాపు ఉంది. పెద్ద షీట్లు ప్రింటు తీసే మెషిను మా వీధి మొత్తానికీ నా దగ్గరే ఉంది. అందుకని ఆ పిల్ల ఆర్కిటెక్చర్ చదివిన ఐదేళ్ళూ దాని గీతలన్నీ నా చేతుల మీదుగానే కాలేజీకి వెళ్ళాయి. అవన్నీ ఊహలో కట్టే భవనాలు. వాటికి సిమెంటు అక్కర్లేదు, స్థలం అక్కర్లేదు, ధైర్యం ఉంటే చాలు. మా పిల్లకు అది కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. రెండో ఏడు మా పక్కనున్న చిన్న ఊరు నందవరానికి మూడంతస్తుల బస్టాండు కట్టింది. మూడో ఏడు దేవనకొండలో మ్యూజియం లేపింది. నాలుగో ఏడు ఏకంగా ఆస్పరికి ఎయిర్‌పోర్టు తెచ్చింది. మూడింట్లోనూ గుంట ఉంది.

ఒకే పాసుపుస్తకాన్ని వారానికోసారి జిరాక్స్ తీయించుకునే తిక్కయ్య అనే రైతు, ఎయిర్‌పోర్టు షీటు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

“విమానాలు దిగే జాగా బాగుందప్పా. ఈ సంపు యాల మధ్యలో పెట్టినారు?”

సంపు కాదన్నాను. అయితే సెప్టిక్ ట్యాంకా అన్నాడు. అదీ కాదన్నాను. మరేమిటో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నాగవేణిని అడిగితే ఐదేళ్ళూ ఒకటే జవాబు.

“కాళ్ళు పెట్టుకునేకి, చిన్నాయనా.”

ఇంకేమైనా అడిగితే నవ్వి, స్కేలు తీసుకుని వెళ్ళిపోయేది. వాళ్ళ శివప్రసాద్ సారు ఆ గుంట చుట్టూ ఏటా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవారు. పక్కన ‘ఇందులో ఎవరు పడాలని?’ అని రాసి మార్కులు కోసేవారు. ఆయన తప్పేమీ లేదు. విమానం ఎక్కబోయే మనిషి పెట్టెతో సహా గుంటలో పడితే ఎవరు జవాబుదారీ?

పిల్ల బాగు కోరి నేనొక వెధవ పని చేశాను. ఎయిర్‌పోర్టు షీటు పరీక్షకు చివరి ప్రింటు తీసేముందు, కంప్యూటర్లో ఆ గుంట మీద తెల్లటి ముక్క అతికించి కప్పేశాను. నాగవేణి పరీక్ష గదిలో షీటు విప్పి చూసుకుంది. మార్కర్ తీసి, సార్లందరి ముందూ, మునుపటికి రెండింతల గుంట గీసింది. తర్వాత పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు షాపుకు వచ్చి, ఇంకోసారి నా గుంట ముట్టుకోవద్దని చెప్పి, కొత్త షీట్లు ఇచ్చి పోయింది.

నిజానికి మా ఇంట్లో మొండితనం ఆ పిల్లతో మొదలు కాలేదు. మా అమ్మ లక్ష్మక్క ఎమ్మిగనూరులో నలభై ఐదేళ్ళు మగ్గం నేసింది. పెళ్ళికి పిలిస్తే వస్తుంది, కానీ కూర్చోదు. గోడకు ఆనుకుని నిలబడే అక్షింతలు వేస్తుంది. కూర్చోమంటే “ఈడ బాగుందిలేప్పా” అంటుంది. లక్ష్మక్కకు పొగరని కొందరన్నారు. నా షాపు ప్రారంభం రోజు మూడు గంటలు వాకిట్లోనే నిలబడింది. మా అమ్మకు కూర్చునే అలవాటు లేదని నేనే అందరికీ గొప్పగా చెప్పాను.

చివరి ఏడు వచ్చింది. ఈసారి కూడా గుంట కనపడితే బయటి నుంచి వచ్చే పరీక్షకులు ఒప్పుకోరనీ, ఏడాదంతా మళ్ళీ చదవాల్సి వస్తుందనీ శివప్రసాద్ సారు ముందే హెచ్చరించారు. నాగవేణి బుద్ధిగా తల ఊపింది. ఊపి, ఎమ్మిగనూరులో పెళ్ళిళ్ళకూ మీటింగులకూ ఒక పెద్ద హాలు గీసింది. అందులో ఒకటి కాదు, నలభై గుంటలు. ఈసారి ఏ గుంటనూ ముట్టుకోకుండా ప్రింటు తీశాను. అది చాలదన్నట్టు, వడ్రంగి నరసన్న చేత రెండడుగుల ఎత్తు చెక్క దిమ్మె, దానికి రెండు మెట్లు, మధ్యలో అసలు కొలతలతో ఒక గుంట చేయించింది.

దాన్ని గూడ్స్ ఆటోలో ఎక్కించుకుని కాలేజీకి వెళ్ళాం. మనవరాలి పరీక్ష చూడాలని మా అమ్మ కూడా వచ్చింది. అక్కడ ఎవరో కుర్చీ వేశారు. ఆమె కుర్చీని మర్యాదగా ఒకసారి ముట్టుకుని, తలుపు పక్కన నిలబడింది.

బెంగళూరు నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్ద మనిషి, భారీ శరీరం. షీటు చూశారు, నలభై గుంటలు చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. హాలులో గుంటలెందుకని అడిగారు. శివప్రసాద్ సారు తల పట్టుకున్నారు. నాగవేణి తలుపు వైపు తిరిగింది.

“అవ్వా, ఇట్ల రా. ఈడ కూసో.”

మా అమ్మ నా చెయ్యి పట్టుకుని దిమ్మె మెట్లెక్కింది. గుంటను చూసింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, ఒక్క ఊపులో అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించింది. పాదాలు అటూ ఇటూ వెతుక్కున్నాయి.

“తొక్కే పలకలు యాడ పాపా?”

అప్పుడు తెలిసింది నాకు. అది మా అమ్మ నలభై ఐదేళ్ళు కాళ్ళు దించుకుని కూర్చుని నేసిన గుంట మగ్గం.

నాగవేణి సార్లకు చెప్పింది. అవ్వకు మోకాళ్ళు పూర్తిగా వంగవు, కింద కూర్చోలేదు. అందరూ చాప మీద ఉంటే తాను కుర్చీలో ఎత్తుగా కూర్చోవడం ఆమెకు మర్యాద కాదు. ఇక సార్ల ముందు కుర్చీ అంటే అసలే ఒప్పుకోదు. అందుకే ఇన్నేళ్ళూ నిలబడింది. గుంట ఉంటే కాళ్ళు దించుకుని అందరితో సమానంగా కూర్చుంటుంది. ఎమ్మిగనూరులో ఇట్లా మగ్గం నేసిన అవ్వలు ఇంటికొకరున్నారు.

“సరే, ఎయిర్‌పోర్టులో ఎందుకమ్మా?” అన్నారు శివప్రసాద్ సారు.

“మా అవ్వ విమానానికి కాసుకుంటే, అంతసేపు యాడ కూసుంటాది సార్?”

మా అమ్మ చుట్టూ చూసి, పక్కన చెక్కను తట్టి, పరీక్షకుడితో అంది.

“మీరూ కూసోండి సార్. ఎంతసేపని నిలబడతారు?”

పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ ఇంకొకరిని కూర్చోమనడం నేను వినలేదు. ఆయన బూట్లు విప్పి, మూలుగుతూ కూర్చుని కాళ్ళు దించారు. దించాక ఆయన ముఖం విప్పారింది. తర్వాత శివప్రసాద్ సారు కూర్చున్నారు. తక్కిన ప్రశ్నలన్నీ గుంటలో కాళ్ళు పెట్టుకునే అడిగారు. తర్వాతి పిల్లవాణ్ణి పిలవమని అటెండరు రెండుసార్లు వచ్చి గుర్తు చేయాల్సి వచ్చింది.

క్లాసులో మొదటి మార్కు నాగవేణిదే. శివప్రసాద్ సారు పాత ఎయిర్‌పోర్టు షీటు తెప్పించి, ఎర్ర పెన్నుతో తాను రాసిన ప్రశ్న కొట్టేశారు. కింద ‘కూర్చోవచ్చు’ అని రాసి సంతకం పెట్టారు. ఆ షీటుకు ఫ్రేము కట్టించి నా షాపులో తగిలించాను. కన్నకొడుకునై ఉండీ నాకు కనపడనిది ఆ పిల్లకు కనపడింది. సిగ్గేసింది, అంతకు రెండింతలు గర్వంగా అనిపించింది.

మరుసటి వారమే షాపులో మెషిను పక్కన గచ్చు పగలగొట్టించాను. ఎప్పటిలాగే పాసుపుస్తకంతో వచ్చిన తిక్కయ్య, సంపు తవ్విస్తున్నావా అని అడిగాడు.

“కాదప్పా, మా అమ్మ కూసునే చోటు.”

ఇప్పుడు అమ్మ ఆదోనికి వచ్చినప్పుడల్లా అందులో కూర్చుని షీట్లు మడత పెడుతుంది. నిలబడి ఉన్న మనిషిని చూస్తే ఆమెకు మనసొప్పదు. షాపులో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ పక్కన కూర్చోబెట్టి కాళ్ళు దించిస్తుంది. ఒక్క పేజీ జిరాక్స్ కోసం పొద్దున వచ్చే తిక్కయ్య, మధ్యాహ్నం భోజనానికి గానీ లేవడం లేదు.